బొడ్డు ఆపరేషన్‌కు బాలింత పత్యం

ఆపరేషన్ గదిలోంచి తెచ్చి మంచం మీద పడుకోబెట్టాక, మత్తు పూర్తిగా దిగకముందే డాక్టరమ్మను నేను అడిగిన మొదటి మాట, "మళ్ల రాడ్డు ఎప్పుడు లేపుడు మేడం?" అని.

ఆమె నవ్వింది. "ముందు నీ తల లేపమ్మా. తర్వాత రాడ్డు సంగతి చూద్దాం" అంది.

మంచం పక్కన నిలబడ్డ మా అత్త మాత్రం నవ్వలేదు. "ఇంకా దాని మీదనే ఉన్నదా పానం? గిదంత ఆ ఇనుము పుణ్యమే గదా" అని గొణుక్కుంటూ దుప్పటిని నా గడ్డం దాకా లాగింది.

నేను బరువులు లేపుతాను. కరీంనగర్‌లో ఆడవాళ్లు కసరత్తు చేసే జిమ్ములో ఊడ్చే పనికి కుదిరాను మొదట. ఊడ్చి, తుడిచి, వచ్చినవాళ్లు ఎక్కడివక్కడ వదిలేసిన ఇనుప ప్లేట్లను మళ్లీ స్టాండుకు తగిలించాలి. చెరో సంకలో ఒక ప్లేటు ఇరికించుకుని పోతుంటే ఒకరోజు అక్కడి కోచ్ చూసింది. ముప్పై కూడా దాటని మనిషి. "అక్కా, గంత బలముండి నడుము ఎందుకు గట్ల ఖరాబు చేసుకుంటున్నవ్? రా, మంచిగ లేపుడు నేర్పిస్త" అంది. చీర కుచ్చిళ్లు దోపుకునే లేపాను ఆరోజు. తర్వాత ఆమే తన పాత ప్యాంటూ చొక్కా ఇచ్చింది.

అంతకు ముందు ఏడాదే నేను అక్షరాలు దిద్దడం మొదలుపెట్టాను. మా వాడలో చర్చి వాళ్లు సాయంత్రాలు పెద్దవాళ్లకు చదువు చెప్పేవారు. నలభై ఆరేళ్లకు పలక, నలభై ఏడేళ్లకు రాడ్డు. రెండింటికీ ఇంట్లో ఒకటే మాట వచ్చింది: ఈ వయసులో నీకెందుకు? చదువు సంగతి తొందరగానే సద్దుమణిగింది. ఒక మూలన కూర్చుని చేసేది కాబట్టి ఎవరికీ అడ్డం రాలేదు. బరువుల సంగతి సద్దుమణగలేదు.

నాకు అది ఎందుకు నచ్చిందో ఇంట్లో చెప్పలేకపోయాను. చిన్నప్పటి నుంచి నేను మోయనిది లేదు. బోథ్ దగ్గర, అవ్వ అని మేం పిలిచే అమ్మ వాళ్ల చేన్లో పత్తి మూటలు మోశాను, అత్తగారింట్లో నూలు బస్తాలు, నీళ్ల బిందెలు, పిల్లలను మోశాను. మోసిన ప్రతిదీ ఎవరికో కావలసింది. జిమ్ములో లేపినదాన్ని లేపినచోటే దించి వస్తాను. దానివల్ల ఇంట్లో ఏ పనీ కాదు. ఆ కాసేపు నా బలం నాకోసమే ఉంటుంది.

బొడ్డు దగ్గర నిమ్మకాయంత ఉబ్బు ఒకటి మూడో కాన్పు తర్వాత నుంచీ ఉంది. పడుకుంటే లోపలికి పోయేది, దగ్గితే బయటికి వచ్చేది. అందరు తల్లులకూ అలాగే ఉంటుందనుకున్నాను. ఊపిరి బిగబట్టి లేపేటప్పుడు కోచ్ దాన్ని గమనించింది. "గిది చూపిచ్చుకునేదాక నిన్ను రాడ్డు ముట్టనియ్య" అని ఖచ్చితంగా చెప్పి, తనే ఆసుపత్రికి తీసుకుపోయింది. హెర్నియా అన్నారు. చిన్న కోత కోసి, లోపల వల లాంటి జాలి ఒకటి పెట్టి కుడతామన్నారు. ఆ పిల్ల అంత మొండిగా లేకపోతే నేను ఇంకో పదేళ్లు అట్లాగే తిరిగేదాన్ని.

ఇంట్లో చెప్పగానే అత్త తీర్పు చెప్పేసింది. "ఇనుము లేపితే పేగు జారింది. ఆపరేషన్ చేయించుకో, నేనే చూసుకుంట. గాని మళ్ల దాని జోలికి పోనని చెప్పు."

నేను పోననీ అనలేదు, పోతాననీ అనలేదు. మా ఆయన వైపు చూశాను. "అవ్వతోటి నేను గెలువ, నీతోటి అసలే గెలువ" అని చెప్పులు వేసుకుని చాయ్ తాగడానికి పోయాడు. ఆ మాట అట్లా గాలిలో ఉండగానే ఆసుపత్రికి వెళ్లాను. కుట్లు మానతాయనే ధైర్యం ఉంది. మానిన తర్వాత జిమ్ము తలుపు నాకు తెరిచి ఉంటుందో లేదో అనే దిగులే మనసును తొలిచింది.

ఇంటికి వచ్చిన రోజు నుంచి అత్త నన్ను చూసుకున్న తీరు ఇప్పటికీ తలుచుకుంటే నవ్వూ కన్నీళ్లూ కలిసి వస్తాయి. డెబ్బై అయిదు దాటిన మనిషి. ఆమెకు తెలిసిన ఆపరేషన్లు రెండే, ఒకటి కాన్పు, ఇంకొకటి పిల్లలు కాకుండా చేసేది. కడుపు మీద కుట్టు పడిందంటే ఇక ఆడది బాలింతే. నా చెవుల్లో దూది పెట్టింది. తలకు గుడ్డ చుట్టింది. డాక్టరమ్మ ఇచ్చిన బెల్టు మీద తన పాత నూలు చీర చింపి బిగించి కట్టింది. పొద్దునా సాయంత్రం సాంబ్రాణి పొగ. తిండికి వేడి అన్నం, ఎల్లిగడ్డ కారం, అంతే. పెరుగు లేదు, కూరగాయ లేదు. నీళ్లయితే గొంతు తడిసేంత, అదీ కాచినవి. "నీళ్లు ఎక్కువ తాగితే పొట్ట సంచి లెక్క అయితది" అనేది.

"అత్తా, నేను పిల్లను కనలే" అన్నాను ఒకసారి.

"కనకపోతే ఏంది? కోసిండ్రా లేదా?"

కోశారు మరి. 

మా ఆయన నీళ్లు పట్టాడు, అంట్లు తోమాడు, బట్టలు పిండి మేడ మీద ఆరేశాడు. అవన్నీ ఆయనకు కొత్త. నా జాకెట్లు తిరగేసి ఆరేస్తుంటే ఎదురింటామె తన మేడ మీంచి పిలిచింది. "ఏందన్నా, సాంబ్రాణి వాసనొస్తుంది. ఈ వయసుల వదినె బాలెంతనా ఏంది?"

"అవునమ్మా, ఇనుప పిల్లగాడు పుట్టిండు" అన్నాడు మా ఆయన. నవ్వితే కుట్టు లాగుతుంది. పొట్ట రెండు చేతులతో పట్టుకుని నవ్వాను.

కోచ్ ఉడకబెట్టిన గుడ్లు తెచ్చింది. అత్త గుమ్మంలోనే ఆపింది.

"గుడ్డు తింటే చీము పడతది బిడ్డా."

"పడదు అమ్మమ్మా. కండ పట్టాలంటే గుడ్డు తినాలె."

"కండ పట్టి ఏం జేస్తది? కుస్తీకి పోతదా?"

"పోతే మీరే గెలుస్తరు అమ్మమ్మా, ఆమె గెలువది" అంది కోచ్. అత్త మూతి బిగించింది కానీ కూర్చోమని పీట వేసింది. గుడ్లు మాత్రం మా ఆయనకు వెళ్లాయి.

అయితే ఆ పత్యం నా కడుపును కట్టేసింది. కారం, అన్నం, గుక్కెడు నీళ్లు, కదలకుండా పడుకోవడం. దొడ్డికి పోయి ముక్కకూడదని డాక్టరమ్మ మరీ మరీ చెప్పింది. ముక్కకుండా ఏమీ కాని పరిస్థితి వచ్చింది. ఒక పొద్దున బలవంతం చేశాను. బొడ్డు దగ్గర చురుక్కుమని మంట లేచింది. కుట్టు తెగిందనే అనుకున్నాను. గోడ పట్టుకుని బయటికి వచ్చేసరికి చెమటలు. జాలి ఊడిపోతే మళ్లీ కోస్తారు, మళ్లీ కోస్తే ఇక రాడ్డు మాటే ఉండదు. ఆ క్షణాన నొప్పి కన్నా నాకు ఆ భయమే ఎక్కువ.

ఆటోలో ముగ్గురం ఆసుపత్రికి పోయాం. దారిలో గుంత వచ్చినప్పుడల్లా అత్త తన అరచేతిని నా కడుపు మీద అడ్డం పెట్టింది. డాక్టరమ్మ వేళ్లతో నెమ్మదిగా నొక్కి చూసింది. "ఏం కాలే. కుట్లు గట్టిగనే ఉన్నయి. ఏం తింటున్నవమ్మా?"

నేను నోరు తెరిచేలోపే అత్త గర్వంగా మొదటి నుంచి చివరి దాకా చెప్పింది, దూది సంగతితో సహా. డాక్టరమ్మ కోప్పడలేదు. ఆమెకు నేను రుణపడిన వాటిలో అదీ ఒకటి. "ఇంత మంచిగ చూసుకునే అత్త నాకుంటే నేనూ ఒక ఆపరేషన్ చేయించుకుందును" అని ముందు అత్తను నవ్వించి, తర్వాత చెప్పింది: నీళ్లు బాగా తాగాలి, ఆకుకూరలు, బొప్పాయి, పెరుగు, గుడ్డు అన్నీ తినాలి, ఇంట్లోనే అటూ ఇటూ నడవాలి.

అత్త అన్నీ విని, లేచేముందు అడిగింది. "మేడం, గా బరువులు లేపుడుకే గదా గిది అయ్యింది?"

"కాదమ్మా. చాన ఏండ్ల కిందటిది. కాన్పు అయినంక కడుపు గట్టిపడకముందే బరువు పనులు చేస్తె కొందరికి గిట్ల ఉండిపోతది. ఆరు వారాలు కానియ్యి. మెల్లగ మొదలుపెడితే ఆమె లేపొచ్చు."

నాకు ఎగిరి గంతేయాలనిపించింది. ఇంటికి పోయే దారిలో అత్త ఆటో ఆపించి తోటకూర కొంది. 

మధ్యాహ్నం నా మంచం పక్కన నేల మీద కూర్చుని తోటకూర తుంచుతోంది. తల ఎత్తకుండానే అడిగింది. "నీ మూడో కాన్పప్పుడు నేనేం జేసిన్నో యాదికున్నదా?"

మొదటి రెండు కాన్పులు బోథ్ దగ్గర మా అవ్వ ఇంట్లోనే అయ్యాయి. మూడోది పత్తి ఏరే కాలంలో వచ్చింది, చేను వదిలి మా అవ్వ రాలేకపోయింది. అప్పటికి మేము కరీంనగర్‌కు రాలేదు, చిన్న ఊర్లో ఉండేవాళ్లం. ఇంటి ముందు రేకుల షెడ్డులో సాంచెలు ఉండేవి. కరెంటు మగ్గాలను మా దిక్కు అట్లాగే అంటారు. మగవాళ్లు వాటిని నడిపేవారు, మేము కండెలకు నూలు చుట్టేవాళ్లం.

"ఏం జేసినవ్ అత్తా? అన్నం పెట్టినవ్."

"పత్యం పెట్టలే. నడుం కట్టలే. పురుడు స్నానం కాకముందే కండెల కాడ కూసోబెట్టిన. సాంచెకు భీము ఎక్కియ్యాలె, ఒక చెయ్యి తక్కువైతుంది, జర లేవే అన్న. నువ్వు లేసినవ్."

భీమంటే పడుగు నూలంతా చుట్టిన పెద్ద ఇనుప దిమ్మ. ఇద్దరు మగవాళ్లకే కష్టం. ఆరోజు ఒక కొస నేను పట్టి లేపడం నాకు గుర్తుంది. అంతకన్నా బాగా ఆమెకు గుర్తుందని నాకు అప్పుడే తెలిసింది. ఇన్నాళ్లూ జిమ్ములోని ఇనుమును ఆమె అంత గట్టిగా ఎందుకు తిట్టిందో కూడా అర్థమైంది.

"అప్పుడు ఇల్లే గట్లుండె అత్తా. సాంచె ఆగితే కూలి లేదు. నువ్వు మాత్రం కూసున్నవా?"

"కూసోలే. గాని నిన్ను ఊకె కూసోబెట్టాల్సుండె." తోటకూర కాడలు పక్కకు తోసింది. "గప్పుడు చెయ్యనిది గిప్పుడన్న చేద్దామనుకున్న. అదిట్ల ఉల్టా కొట్టె."

నేను మంచం మీంచి చేయి చాచాను. అత్త పట్టుకోలేదు. చెంబు నిండా నీళ్లు ఆ చేతిలో పెట్టింది. "తాగు. మొత్తం తాగు."

తాగుతుంటే అడిగింది. "పోతవా మళ్ల?"

"పోత అత్తా."

"నేనూ వస్త. ఆ పిల్ల ఎట్ల లేపిస్తదో నా కండ్లతోటి చూస్త."

ఆరు వారాలయ్యాక అన్నట్టుగానే నాతో జిమ్ముకు వచ్చింది. గోడ పక్క బల్ల మీద కాళ్లు మడిచి కూర్చుని అందరినీ పరీక్షగా చూసింది. ప్లేట్లు లేని ఉత్త రాడ్డు నా ముందు పెట్టింది కోచ్. నేను వంగబోతుంటే అత్త లేచి వచ్చింది. "ఆగు" అని, నా చొక్కా మీద బొడ్డు దగ్గర అరచేయి ఆనించింది. కోచ్ వద్దనలేదు. "అట్లనే ఉంచుండ్రి అమ్మమ్మా. అక్కా, ఊపిరి తీస్కో, పొట్టతోటి ఆ చెయ్యిని నెట్టు, మెల్లగ లే" అంది.

ఊపిరి తీసుకున్నాను. అత్త చేతిని నెట్టాను. రాడ్డు నేల మీంచి లేచింది, మోకాళ్లు దాటింది, నేను నిటారుగా నిలబడ్డాను. ఆమె చేయి కదలలేదు. కళ్లు మూసుకుని ఉంది, పిండి పిసికి చూసేటప్పుడు మూసుకున్నట్టు.

దించాను.

"గట్టిగనే ఉన్నది" అంది అత్త. చేయి తీయలేదు. "ఇంకోసారి లేపు."