ఐదో కూపన్

మా ఎడిసన్ ఊళ్ళో తెలుగువాళ్ళం నలుగురం చేరినప్పుడు ఎవరైనా దయ్యాల కథ మొదలుపెడితే, ముందుగా వాళ్ళని ఏడిపించేది నేనే. ముప్పై ఏళ్ళు వంతెనల ఇంజనీరుగా పనిచేశాను. కొలిచి చూసుకోకుండా దేన్నీ నమ్మే రకం కాదు. ఇప్పటికీ దయ్యాలున్నాయని అనను. జరిగింది జరిగినట్టు చెబుతాను, అంతే.

2009 చలికాలంలో నేనూ, మా ఆవిడ శారదా వియత్నాం వెళ్ళాం. మాకు పిల్లలు లేరు. ఏడాదికో దేశం చూడటం అలవాటు. ఆమెకి పాత ఇళ్ళంటే పిచ్చి. అందుకని హోయ్ ఆన్ అనే పాత ఊరు తనే ఎంచుకుంది. అక్కడ టికెట్ కొంటే దానికి ఐదు కూపన్లుంటాయి. చూడదలచుకున్న చోటల్లా గుమ్మం దగ్గర ఒక కూపన్ చింపుకుని లోపలికి పంపిస్తారు.

మూడు ఇళ్ళూ, ఒక గుడీ చూశాం. ఒక ఇంట్లో వరద నీళ్ళు ఏ ఏడు ఎంతవరకు వచ్చాయో గోడ మీద గీతలు గీసి ఉన్నాయి. కొన్ని నా తల కంటే ఎత్తు. వరద వచ్చినప్పుడల్లా సామానంతా పై అంతస్తుకి మోసి, నీళ్ళు తీశాక మళ్ళీ కిందికి దింపుకుంటారట. "ఎంత ఓపికండీ వీళ్ళకి," అంది శారద, ఆ గీతలు తడిమి చూస్తూ.

నడుస్తుంటే ఆమె ఎడమకాలి చెప్పు మాటిమాటికీ జారిపోయేది. చూసుకుని నడవమని విసుక్కున్నాను. అదే జబ్బుకి మొదటి గుర్తని నాకేం తెలుసు.

ఐదో కూపన్‌కి చూడాలనుకున్న ఇల్లు వీధికి అవతలి పక్కనే ఉంది. గుమ్మంలో కూర్చున్న ముసలావిడ మమ్మల్ని చూసి, మనవాళ్ళు పిలిచినట్టే అరచెయ్యి కిందికి వంచి పిలిచింది.

"పిలుస్తోందండీ. ఒక్క పది నిమిషాలు చూసొద్దాం," అంది శారద.

నా ధ్యాసంతా హోటల్ గదిలో ఉన్న కుక్కర్ మీద. బయటి తిండి పడదని, ఏ దేశం వెళ్ళినా చిన్న రైస్ కుక్కరూ, ఆవకాయ సీసా మోసుకెళ్ళే మనిషిని. ఆ రోజు అన్నం పెట్టేసి బయటికొచ్చాను. గది తుడిచేవాళ్ళు చూస్తే గొడవవుతుందని ఒకటే కంగారు. మర్నాడు పొద్దున్నే ప్రయాణం. మళ్ళీ వద్దాంలే, కూపన్ ఎక్కడికి పోతుంది అన్నాను. ఆమె వీధి మలుపు తిరిగేదాకా వెనక్కి చూస్తూనే ఉంది.

వెళ్ళిన ప్రతి ఊరి టికెట్లూ దాచుకోవడం నాకు అలవాటు. ఇద్దరి టికెట్ల మీదా పేర్లు రాసి, ఫైల్లో పెట్టి సొరుగులో ఉంచాను.

ఆరు నెలలు తిరక్కుండానే శారదకి ఏఎల్ఎస్ అన్నారు. కండరాలు ఒక్కొక్కటే చచ్చుబడిపోయే జబ్బు. నయం చేసే మందు లేదు. ముందు కాళ్ళు, తరవాత చేతులు. 2011 వచ్చేసరికి చెంచా కూడా పట్టుకోలేకపోయేది. మాట ముద్దగా వచ్చేది. ఊపిరి కూడా కష్టమవుతోందని, గొంతుకి రంధ్రం చేసి వెంటిలేటర్ పెట్టించుకుంటారో లేదో సోమవారానికల్లా చెప్పమన్నాడు డాక్టర్. ఆమె వద్దంటుందేమోనని నా భయం. పెట్టించుకుంటే ఇంకొన్నాళ్ళయినా నా కళ్ళముందుంటుంది. స్వార్థమే అనుకోండి, నాకు కావలసింది అంతే.

అందుకే ఆమె దిగులుపడినప్పుడల్లా హోయ్ ఆన్‌లో కొన్న తన టికెట్ తీసి చూపించేవాణ్ణి. ఐదోది ఇంకా మిగిలే ఉంది చూడు, వీల్‌చెయిర్‌లోనైనా తీసుకెళ్తాను అనేవాణ్ణి. ఆ శుక్రవారం పొద్దున కూడా చూపించాను. కాస్త నవ్వింది. వెంటిలేటర్ సంగతి అడిగితే సరేనన్నట్టు కళ్ళు మూసి తెరిచింది. నాకు ప్రాణం లేచొచ్చింది. టికెట్ ఫైల్లో పెట్టి, సొరుగుకి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుని ఓక్ ట్రీ రోడ్‌కి కూరగాయల కోసం వెళ్ళాను. పగటిపూట ఆమెని చూసుకోడానికి వచ్చే గుజరాతీ ఆవిడ పక్కనే ఉంది.

గంటన్నరలో తిరిగొచ్చాను. శారద మొహం తేటగా ఉంది.

"ఆ ఇల్లు చూసొచ్చానండీ," అంది. ఎన్నో నెలల తరవాత మాట తడబడకుండా వచ్చింది. "ముసలావిడ టీ ఇచ్చింది. పెరట్లో బావి ఉంది, దాని గట్టు మీద నీలం పింగాణీ గిన్నె బోర్లించి ఉంది. ఇంక సామాను పైకి మొయ్యక్కర్లేదంది."

కలొచ్చి ఉంటుందనుకున్నాను. కూపన్ చూపించి ధైర్యం చెబుదామని తాళం తీసి ఫైలు తెరిచాను. ఆమె టికెట్‌కి ఐదో కూపన్ లేదు. మిగతా నాలుగూ అక్కడి గుమ్మాల దగ్గర చింపినట్టే, చిల్లుల గీత వెంబడి శుభ్రంగా చిరిగి ఉంది. ఫైలంతా దులిపాను. సొరుగు బయటికి లాగి వెతికాను. గుజరాతీ ఆవిణ్ణి అడిగితే తను గది వదిలి కదల్లేదనీ, ఎవరూ రాలేదనీ, ఆంటీ మాత్రం గంటసేపు కళ్ళు తెరుచుకునే పలక్కుండా పడుకున్నారనీ చెప్పింది.

సోమవారం డాక్టర్ అడిగితే శారద వద్దంది. బతిమాలాను, కోప్పడ్డాను, ఆమె మంచం పక్కన కూర్చుని ఏడ్చాను.

"చూడాల్సింది అయిపోయిందండీ," అంది.

తొమ్మిదో రోజున పోయింది.

నేనే ఎప్పుడో చింపి మరిచిపోయానేమోనని కూడా ఆలోచించాను. కానీ ఆ పొద్దున ఆ కూపన్ మీద వేలు పెట్టి మరీ ఆమెకి చూపించింది నేనే.

వెళ్ళి చూస్తే బావి ఉందో లేదో తేలిపోతుంది కదా అంటారు స్నేహితులు. ఒకసారి ఫ్లైట్ బుక్ చేసి క్యాన్సిల్ చేశాను. బావి లేకపోతే, అదంతా జబ్బు మనిషి కల, ఆ కలని నమ్మి ఆమె వెళ్ళిపోయింది. ఉంటే, అన్నం కోసం నేను వదిలేసిన ఇంటికి నేను లేకుండా ఒక్కతే వెళ్ళొచ్చింది. ఈ రెంటిలో ఏదీ నేను తట్టుకోలేను.

సొరుగుకి తాళం వెయ్యడం మానేశాను. రోజూ పొద్దున కాఫీ తాగి ఫైలు తెరిచి చూస్తాను. నా టికెట్‌కి ఐదో కూపన్ అలాగే ఉంది. నాది ఎవరూ చింపడం లేదు.