మాస్టారి చేతిలో కత్తెర

నలభై ఏళ్లుగా బట్టలు కత్తిరిస్తున్న ఆయన్ని వీధంతా మాస్టారు అనే పిలిచేది. ఆయన గుడ్డ మీద సుద్దతో గీత గీశాడంటే ఇక తిరుగులేదు. అలాంటి మనిషి ఒకరోజు కోటుకు రెండు చేతులూ ఎడమవైపువే కత్తిరించి, నిక్షేపంగా మడతపెట్టి, కూతురి కుట్టుమిషను పక్కన పెట్టాడు.

కూతురు మొదట నవ్వేసింది. తర్వాత ఆయన ఒకరి కొలతలతో ఇంకొకరి చొక్కా కత్తిరించాడు. ఆ మర్నాడు, పాతికేళ్లుగా వస్తున్న లాయరుగారిని పట్టుకుని "తమరెవరు?" అన్నాడు. లాయరుగారి మొహం మాడిపోయింది.

"వయసైపోయింది నాన్నా, ఇక చాల్లే" అంటూ ఆమె కత్తెర తీసి బీరువాలో పెట్టి తాళం వేసింది. ఆమెనని ఏం లాభం? డెబ్భై దాటినవాళ్లకు ఏమొచ్చినా వయసు మీదికి నెట్టేసి చేతులు దులుపుకోవడం లోకానికి అలవాటే.

మాస్టారు పోట్లాడలేదు. రోజూ వచ్చి ఖాళీ బల్ల ముందు కూర్చునేవాడు. కాళ్లు తిమ్మిరెక్కుతున్నాయని ఆయన అంటే, చివరికి కూతురు ఆస్పత్రికి తీసుకెళ్లింది.

డాక్టరమ్మ నాలుక చూసింది. ఎర్రగా, నున్నగా ఉంది.

"ఏం తింటారు తాతగారూ?"

"టీలో బ్రెడ్డు."

"మధ్యాహ్నం?"

"అదే. మా ఆవిడ పోయాక ఏదీ సయించట్లేదమ్మా."

కూతురు ఉలిక్కిపడింది. "మరి మధ్యాహ్నం నేను ఇంటికి పంపే క్యారేజీ?"

"పక్కింట్లో మిషన్లు రిపేరు చేసేవాడికి ఇచ్చేస్తున్నా. వాడు ఇష్టంగా తింటాడు."

రక్తపరీక్షలో బి12 విటమిన్ అడుగంటిందని తేలింది. "ఇది తగ్గితే మతిమరుపూ తిమ్మిరీ వస్తాయి. ఇంజెక్షన్లు మొదలుపెడదాం. అందరి మతిమరుపూ వీటితో పోదు. ఈయనకు కొంత తగ్గొచ్చు. పూర్తిగా అని మాత్రం మాటివ్వలేను" అంది డాక్టరమ్మ.

మూడు నెలలు గడిచాయి. ఆయనకు వారాల పేర్లు ఇంకా తారుమారవుతున్నాయి, తిమ్మిరీ పూర్తిగా వదల్లేదు. కానీ లాయరుగారిని గుమ్మంలోనే పలకరించి, మోకాలి నొప్పి ఎలా ఉందని అడిగాడు. ఆ సాయంత్రమే ఆమె బీరువా తెరిచింది.

మాస్టారు ఒక ప్యాంటు కత్తిరించాడు. ఆమె టేపు పెట్టి రెండుసార్లు కొలిచింది. ఎక్కడా వంక లేదు.

"ఏదో తేడాగా ఉందని నాకు ముందే చెప్పొచ్చుగా నాన్నా?"

ఆయన కత్తెర ఒళ్లో పెట్టుకున్నాడు.

"ఏడాది నుంచీ తెలుస్తూనే ఉందమ్మా. చెప్తే దీన్ని లాక్కుంటావని భయపడ్డా."