దించని శ్రుతి

కొన్నేళ్లుగా ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. మింగుడుపడదు, బయటికీ రాదు. ఇంట్లోవాళ్లకు చెప్పలేదు. స్టేజీ మీద నా పక్కన వాయించేవాళ్లకు అసలే చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను. నా పేరు అడగొద్దు. క్షమించమని నేనూ అడగను. చేసింది తప్పని నాకు రోజూ అనిపించదు కూడా. కొన్ని రోజులు అనిపిస్తుంది. కొన్ని రోజులు, బాగా అయిందిలే అనుకుంటాను.

మాది కర్నూలు. పాత పాటల ఆర్కెస్ట్రాల్లో కీబోర్డు వాయిస్తాను. మొదట్లో అయితే పాడేదాన్ని. యుగళగీతాల్లో ఆడగొంతు నాది, మగగొంతు నాగిరెడ్డి అన్నది. కోడుమూరు పక్క రైతుల ఇంట పుట్టి, సేద్యం తమ్ముడికి వదిలేసి పాట పట్టుకున్న మనిషి. కళ్లు మూసుకుని వింటే రికార్డు పెట్టారనే అనుకుంటారు, అంత అచ్చంగా పాడేవాడు. ఆయన పక్కన మైకు దొరికిందని నేను ఎంత మురిసిపోయానో ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే మంట.

మైదుకూరులో మార్కెట్ యార్డు దగ్గర ఒక ప్రోగ్రాం. టైఫాయిడ్ నుంచి అప్పుడే లేచాను, గొంతు ఇంకా కుదురుకోలేదు. పాటకు ముందు కీబోర్డు అతన్ని కొంచెం శ్రుతి తగ్గించమని అడిగాను. అతను సరే అన్నాడు. నాగిరెడ్డి అన్న విని, దించడానికి వీల్లేదన్నాడు. "గొంతు ల్యానోళ్లకు స్టేజీ యాల పాపా?" అన్నాడు అందరూ వింటుండగా.

రెండో చరణంలో నా గొంతు చీలింది. అది ఎవరికైనా జరుగుతుంది. కానీ ఆయన నా మైకు పక్కకు తోసి, నా వంతు కూడా తనే ఆడగొంతుతో, నడుం తిప్పుతూ పాడాడు. జనం విరగబడి నవ్వారు. నేను పక్కనే నిలబడి ఉన్నాను. ఎక్కడికి పోవాలో తెలియలేదు, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో కూడా తెలియలేదు. అంతటితో పోయినా మరిచిపోయేదాన్నేమో. ఆ నవ్వుకు ఆయన రుచి మరిగాడు. తర్వాత ఊరూరా నా పేరు చెప్పి మరీ ఆ చీలిన గొంతును అనుకరించి చూపించేవాడు. పెళ్లిళ్లలో జనం అడిగి చేయించుకునేవాళ్లు. నేను పాట మానేశాను. ఇంట్లో వంట చేస్తూ కూడా కూనిరాగం తీయలేదు.

స్టేజీ మాత్రం వదల్లేదు. హార్మోనియం చిన్నప్పుడే వచ్చు కాబట్టి కీబోర్డుకు మారాను. మా పనిలో ఒక మర్యాద ఉంది. వయసు మళ్లిన గాయకులకు పై స్వరాలు అందవు. వాళ్లు పాటకు ముందు వచ్చి కీబోర్డు వాళ్ల చెవిలో మాత్రం చెబుతారు, కాస్త దించమని. మేము దించి, ఏ శ్రుతో గిటారు అతనికి వేళ్లతో చూపిస్తాం. అతను మారు మాట్లాడడు. జనానికి తెలియదు, తర్వాత మాలో మేము కూడా ఆ మాట ఎత్తం. ఎంతమంది పెద్దవాళ్ల పరువు అలా నా చేతుల్లో భద్రంగా ఉందో నాకే లెక్క తెలియదు. అది నేను గర్వంగా చేసే పని. చేసేదాన్ని.

కొన్నేళ్ల కిందట ఒక వేసవిలో కర్నూలులో ఆరుబయట రెండు సాయంత్రాల పాత పాటల సభ పెట్టారు. శనివారం అచ్చం పాత గాయకుల్లా పాడే కుర్రకారు. ఆదివారం మా పాత ఆర్కెస్ట్రాలు. డ్రమ్స్ వాయించే మాబాషా అన్న చెదిరిపోయినవాళ్లందరినీ పోగుచేశాడు. నాగిరెడ్డి అన్ననూ పిలిచాడు. భార్య పోయాక ఆయన పాడటం తగ్గిపోయిందట. ఆదివారం బాగా పాడితే ఇకమీద మన ట్రూపులో పెద్ద గొంతు ఆయనదే అని మాబాషా అన్న ముందే మాట ఇచ్చాడు. రిహార్సల్ లేదు. ఎండ దిగే వేళకు అందరం స్టేజీ వెనక ఉగ్గాని తింటూ కూర్చున్నాం. నాగిరెడ్డి అన్న తినలేదు. నా దగ్గరికొచ్చి వంగాడు.

"పాపా, రెండో చరణం శానా పైకి పోతాది. ఇప్పుడు నాకు ఆడికి అందడంల్యా. ఒక శ్రుతి దించు. ఎవురికీ చెప్పాకు."

"అట్లేన్నా" అన్నాను.

ఆ మాట అన్నప్పుడే నాకు తెలుసా? తెలుసనే అనుకుంటాను. చెయ్యి జారిందనీ, హడావుడిలో మరిచిపోయాననీ చెప్పుకోవడానికి చాలా రాత్రులు ప్రయత్నించాను. కుదరలేదు. దించడానికి ఒక్క మీట నొక్కితే చాలు. నా వేలు దాని మీదకి వెళ్లింది కూడా. వెళ్లి, వెనక్కి వచ్చింది. గిటారు అతను నా వైపు చూశాడు. అసలు శ్రుతే చూపించాను.

పల్లవి కింది స్వరాల్లోనే నడుస్తుంది కాబట్టి ఆయనకు అనుమానం రాలేదు. మొదటి చరణం ఎలాగో లాగాడు. తుంగభద్ర వైపు నుంచి గాలి తిరిగింది, జనం చప్పట్లు కొట్టారు, ఆయన ముఖం వెలిగింది. నేను దించానన్న ధైర్యంతో రెండో చరణంలో గొంతు పూర్తిగా వదిలాడు. అక్కడ చీలింది. మైకులో ఆ చప్పుడు మైదానం చివరిదాకా పోయింది. మళ్లీ ఎత్తుకున్నాడు, మళ్లీ చీలింది. ముందు వరుసలో ఎవరో నవ్వారు. తర్వాత చాలామంది నవ్వారు.

అబద్ధం చెప్పను. నా కడుపు చల్లబడింది. మైదుకూరు తర్వాత అంత హాయిగా నేను ఊపిరి పీల్చుకున్నది లేదు. నవ్వండి, ఇంకా నవ్వండి అనుకుంటూ ఒక్క స్వరం తప్పకుండా పాట చివరిదాకా వాయించాను. ఆయన పాడలేదు. వట్టి వాద్యాలతోనే పాట ముగిసింది.

దిగాక ఆయన తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది, మైదుకూరు మాట ఎత్తి సమాధానం చెప్పేదాన్ని. ఆ మాటలు ఏళ్ల తరబడి సిద్ధం చేసుకున్నవే. ఆయన మెట్ల దగ్గర నిలబడి, తువ్వాలుతో ముఖం తుడుచుకుని అన్నాడు.

"నీ తప్పేం ల్యా పాపా. నువ్వు దించి వాయించినా నాకు అందల్యా. ఇంగ ఈ గొంతు అయిపోయినట్టే." తువ్వాలు భుజాన వేసుకున్నాడు. "మైదుకూర్లో నువ్వడిగితే నేను దించనీల్యా. నువ్వు మాత్రం నాకు దించినావు. మంచిదానివమ్మా."

నాకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. ఇన్నేళ్ల తర్వాత, ఆ రోజే, ఆ నిమిషమే మంచివాడు కావాలా? నా గెలుపు నా చేతిలోంచి లాక్కోవడానికా? ఆ కోపం ఇప్పటికీ ఉంది. ఆయన్ని నేను క్షమించలేదు. ఆయన దృష్టిలో నేను క్షమించినదాన్ని, అదే నాకు అన్నిటికంటే బరువు.

ఆయన మళ్లీ పాడలేదు. ఇప్పుడు కోడుమూరులో తమ్ముడి ఎరువుల దుకాణంలో కూర్చుంటున్నాడట. మొన్న మాబాషా అన్న మరో సభకు పిలిస్తే, శ్రుతి దించినా అందని గొంతుతో ఏం పాడేదప్పా అన్నాడట. మాబాషా అన్న ఆ మాట నాకు చెప్పి, అయ్యో అన్నాడు. నేనూ అయ్యో అన్నాను.

ఫోన్ తీసి ఒక్క మాట చెప్తే చాలు. చాలాసార్లు తీశాను. చెప్పలేదు. రేపు చెబుతానని మీకు మాట కూడా ఇవ్వను. కానీ ఇంతకాలం నేను ఒక్కదాన్నే మోసింది ఇప్పుడు బయట పడింది, కాస్త ఊపిరి ఆడుతోంది. నాగిరెడ్డి అన్న గొంతు పోలేదు. ఒక్క శ్రుతి దించి ఉంటే ఆ చరణం ఆయనకు అందేది. నేను దించలేదు.