ఫార్వర్డ్ భాగ్యశ్రీ తొడ నొప్పి

2023లో, దసరా వెళ్లిన కొత్తలో జరిగిన సంగతి ఇది. మహారాష్ట్రలో తెలుగు నేత కుటుంబాలు స్థిరపడ్డ సోలాపూర్‌లో, జోడ్‌భావి పేట్‌లో, అప్పటికే చాలా ఏళ్లుగా నా క్లినిక్ నడుస్తోంది. నేను ఫిజియోథెరపిస్టును. మందులు రాయను, సూదులు వేయను. పట్టేసిన కీళ్లను, దెబ్బతిన్న కండరాలను వ్యాయామంతో మళ్లీ పనిలోకి తేవడమే నా వృత్తి. మా పేటలో నా దగ్గరికి వచ్చేవాళ్లు ఎక్కువగా రెండు రకాలు. సాంచాల మీద, అంటే పవర్‌లూముల మీద, నిలబడి నిలబడి భుజాలు, మోకాళ్లు పోగొట్టుకున్న మగవాళ్లు ఒక రకం. ఒడిలో చాట పెట్టుకుని, మెడ వంచి పొద్దంతా బీడీలు చుట్టే ఆడవాళ్లు రెండో రకం. ఫుట్‌బాల్ ఆడి తొడ పట్టేసిందని వచ్చిన మొదటి మనిషి భాగ్యశ్రీ.

ఆమెకు ఇరవై ఏళ్లుంటాయి. విడీ ఘర్కుల్‌లో ఉంటుంది. బీడీ కార్మికుల కోసం కట్టిన ఆ కాలనీలో ఆడపిల్లలకు ఒక ఫుట్‌బాల్ టీం ఉంది. అందులో ఆమె ఫార్వర్డ్, అంటే అందరికంటే ముందుండి గోల్ కొట్టాల్సిన ప్లేయర్. అంతకుముందు ఏడాది ఊళ్లో ఆ టీం పేరు చెబితే ఎదుటి జట్లు భయపడేవి. ఈ ఏడాది మ్యాచ్ మీద మ్యాచ్ ఓడిపోతున్నారు. గోల్ అన్నదే పడటం లేదు.

ఆ రోజు ఆమె వెంట ఇద్దరు వచ్చారు. ఒకరు తల్లి నర్సుబాయి. ఆమె మెడ నొప్పికి నేనే వైద్యం చేస్తున్నాను కాబట్టి చనువు ఎక్కువ. రెండో మనిషి అంబాదాస్ మాస్టర్. పగలు బడిలో డ్రిల్లు చెప్పి, సాయంత్రం పైసా తీసుకోకుండా ఈ పిల్లలకు ఆట నేర్పే కోచ్. పిల్ల ఇంకా బల్ల మీద పడుకోక ముందే వాళ్లిద్దరి పంచాయితీ మొదలైంది.

"మేడం, కాలు ఠీక్ ఉన్నదా లేదా, గంతే చెప్పుండ్రి," అన్నాడు మాస్టర్. "ఠీక్ ఉంటే ఇది భయం. గోల్ ముంగటికి పోంగనే బ్రేక్ వేస్తుంది. ఊరంతా చూస్తున్నరు."

"భయం నా బిడ్డకు కాదు, నీకు!" అంది నర్సుబాయి. "అందర్నీ ఎన్కకు నిలవెట్టి దీన్నొక్కదాన్నే ముంగటికి తోల్తవు. అదేం జేస్తది? డాక్టరమ్మా, నువ్వు చెప్పు. కాలు ఖరాబ్ ఉన్నదని చెప్పు. గప్పుడన్న నోళ్లు మూతపడ్తయ్."

నా నోటి నుంచి వచ్చే ఒక్క మాటతో తప్పెవరిదో తేలిపోవాలని ఇద్దరి ఆశ. భాగ్య మాత్రం గోడ వైపు తిరిగి కూర్చుంది.

బోర్లా పడుకోబెట్టి చూశాను. తొడ వెనక ఉండే పెద్ద కండరాలను హ్యామ్‌స్ట్రింగ్ అంటాం. మోకాలు వంచడానికి, పరుగును అదుపు చేయడానికి అవే ఆధారం. నేను పాదం పట్టుకుని ఆపుతుంటే మోకాలు వంచమన్నాను. తొడ మధ్యలో నొప్పి పుట్టి పిడికిలి బిగించింది. గ్రేడ్ వన్ స్ట్రెయిన్, అంటే కండరంలో కొన్ని పోగులు మాత్రమే దెబ్బతినడం. విశ్రాంతి చెప్పాను, వ్యాయామం నేర్పాను. నొప్పి తగ్గింది. ఆమె మ్యాచ్ ఆడింది, నొప్పి మళ్లీ వచ్చింది. మళ్లీ తగ్గింది, మళ్లీ వచ్చింది.

కండరం నయమై కూడా అదే చోట తిరగబెడుతుంటే, ఆ మనిషి దాన్ని ఎలా వాడుతోందో కళ్లతో చూడాలి. ఒక ఆదివారం పొద్దున మ్యాచ్ జరిగే మైదానానికి వెళ్లాను. ఘర్కుల్ ఆడవాళ్లు సగం మంది అక్కడే ఉన్నారు. ఆట కంటే వాళ్ల వాదనే నాకు ఎక్కువగా వినబడింది. ఒకామె భాగ్యను తిట్టింది. ఒకామె మాస్టర్‌ను తిట్టింది. మరొకామె మిడ్‌ఫీల్డ్‌లో, అంటే మైదానం నడుమ ఆడుతూ ముందుకు బంతి అందించాల్సిన చోట, కొత్తగా ఆడుతున్న పూజ అనే పిల్లను తిట్టింది. "చూక్ కోణాచీ" అని మరాఠీలో మొదలైన మాట, తప్పెవరిదన్న ఆ ఒక్క మాటే, తెలుగులోకి వచ్చి మళ్లీ మరాఠీలోకి పోయేది.

నేను భాగ్య కాళ్లను మాత్రమే చూస్తూ కూర్చున్నాను. కాసేపటికి సంగతి అర్థమైంది. పూజకు బంతి అందుతుందో లేదో, భాగ్య ఎదుటి జట్టు వాళ్ల వెనక ఉన్న ఖాళీలోకి బాణంలా దూసుకుపోయేది. కానీ పూజ జాగ్రత్త గల పిల్ల. బంతి ఆపి, తలెత్తి చూసి, అప్పుడు పాస్ ఇచ్చేది. అందులో తప్పేమీ లేదు. ఆ లోపలే భాగ్య ఆ ఖాళీకి చేరి, ఎడమ భుజం మీదుగా వెనక్కి చూసి, బంతి కనబడక గట్టిగా ఆగిపోయేది. పూర్తి వేగంలో ఉన్న ఒంటిని ఉన్నట్టుండి ఆపేటప్పుడు బరువంతా హ్యామ్‌స్ట్రింగ్ మీద పడుతుంది. మ్యాచ్ అంతా అదే తంతు. గట్టు మీద వాళ్లు మాత్రం "ఆగింది చూడు, భయం!" అనేవాళ్లు.

విరామంలో ఆమె పక్కన కూర్చున్నాను.

"బంతి రాకముందే ఎందుకు ఉరుకుతున్నవ్ భాగ్యా?"

బూటు లేసు సవరించుకుంది. "పూజ జాగల రేణుక ఉంటే బాల్ వస్తుండె అక్కా. నేను ఎన్కకు చూసేదాన్నే కాదు. ఉరుకుడే నా పని. నాకన్న ముందే బాల్ ఆడ ఉంటుండె." తర్వాత గొంతు తగ్గించి అంది, "ఆడుడు బంద్ జేస్తున్న అని మాస్టర్‌కు చెప్పింది. నాకు చెప్పలే. నేను గూడ వాళ్లింటికి పోలే."

"ఏ రేణుక? విఠల్ మామ బిడ్డనా?"

అవునంది. ఆ ఎండాకాలంలో విఠల్ మామకు పక్షవాతం వచ్చింది. చద్దర్ల కార్ఖానాలో జీవితమంతా సాంచాలు నడిపిన మనిషి. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి, మాట తడబడింది. అప్పటి నుంచి వారానికి రెండు రోజులు పొద్దున వాళ్లింటికి వెళ్లి వైద్యం చేస్తున్నది నేనే. భార్య టవళ్ల అంచులు కుట్టే పనికి పోయి రాత్రికి వస్తుంది. తండ్రిని కనిపెట్టుకుని, గుమ్మం లోపల కూర్చుని బీడీలు చుట్టే ఆ నెమ్మదైన పిల్ల ఒకప్పుడు ఫుట్‌బాల్ ఆడేదని నాతో ఎవరూ అనలేదు. ఆమే అనలేదు.

ఒక పేషెంటు మాట ఇంకో పేషెంటు ఇంట్లో చెప్పకూడదు. అందుకే భాగ్యను అడిగాను, రేణుకతో ఈ సంగతి మాట్లాడనా అని. తల ఊపింది.

మర్నాడు విఠల్ మామ వేళ్లు ఒక్కొక్కటే విప్పుతూ రేణుకను కదిలించాను. భాగ్య తొడ సంగతి, ఆమె వెనక్కి తిరిగి చూడటం, అంతా చెప్పాను. రేణుక ఆకు కత్తిరించడం ఆపలేదు.

"నాకు ఎర్కనే అక్కా. అది ఎడమ దిక్కే ఉరుకుతది. దాని పరుగు మొదలు కాకముందే నేను బాల్ వేసేదాన్ని." కత్తెర పక్కన పెట్టింది. "పొద్దుగాలసంది ఈ గల్లీలో అదే ముచ్చట. భాగ్యను తిడ్తరు, మాస్టర్‌ను తిడ్తరు, పూజను తిడ్తరు. నన్ను మాత్రం ఒక్కలు గూడ తిట్టరు. నేనసలు ఉన్ననని గూడ మర్చిపోయిన్రు."

ఇన్నేళ్ల పనిలో ఎన్నో రకాల బాధలు విన్నాను. తననెవరూ తిట్టడం లేదని కళ్లనీళ్లు పెట్టుకున్న మనిషిని మాత్రం అప్పుడే చూశాను.

ఆమెను మళ్లీ టీంలో చేర్చడం నా చేతిలో లేదు. మ్యాచ్ అంటే పూట పోతుంది, తండ్రిని అంతసేపు వదిలే వీలు లేదు. నా చేతిలో ఉన్నది నేను వచ్చే వేళ ఒక్కటే. "పొద్దున బదులు సాయంత్రం వస్తాను. నేను మీ నాయినకు వ్యాయామం చేయించేటప్పుడు నువ్వు ఇక్కడుండే అవసరం లేదు. ప్రాక్టీస్ చూసి రా," అన్నాను.

విఠల్ మామకు మాటలన్నీ అర్థమవుతాయి. బాగున్న ఎడమ చేత్తో బిడ్డ చున్నీ పట్టుకున్నాడు. ఆయనది కోపం కాదు, భయం. పడిపోయిన మనిషికి కనిపించే మనిషే ధైర్యం.

"నేనుంటా మామా. వాపస్ వచ్చేదాంక కదలను," అన్నాను.

బిడ్డ మొహం వైపు చూశాడు. "మళ్ల... వస్తవా?" అన్నాడు కూడబలుక్కుని.

"వస్త నాయినా."

చున్నీ వదిలాడు.

తర్వాత సంగతులు భాగ్య చెబితే విన్నాను. మొదటి సాయంత్రం ఇద్దరూ ఒక్క మాటా మాట్లాడుకోలేదట. రేణుక చెప్పులు విప్పి, ఉత్త కాళ్లతో బంతిని ముందుకు తోసింది. భాగ్య ఉరికింది. బంతి అక్కడే ఉంది. మళ్లీ తోసింది, మళ్లీ ఉరికింది. చీకటి పడే వేళకు ఇద్దరూ ఊపిరాడక నేల మీద పడి నవ్వుతున్నారట. మాస్టర్ ఫోన్ చేసి, "మేడం, ఇగ మనకు గోల్ పక్కా," అన్నాడు.

కానీ తర్వాతి మ్యాచ్‌లో పరిస్థితి ఇంకా చెడింది. ఆ రుచి మళ్లీ తగిలాక భాగ్య కంటికి పూజ ఇచ్చే పాస్ అసలు ఆనలేదు. మరింత తొందరగా ఉరికింది, మరింత గట్టిగా ఆగింది. తొడ పట్టుకుని నడుమనే బయటికొచ్చింది. పూజ ఇంటికెళ్లి, ఇక ఆడనని ఏడ్చింది. మాస్టర్ క్లినిక్‌కు వచ్చి, "మీ ఇలాజ్‌తోని ఉన్నది గూడ పాయె," అన్నాడు. నా వైద్యం గురించి ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు.

ఈ సంగతి రేణుకకు చెప్పాలా వద్దా అని జంకుతూ వెళ్లాను. గల్లీ ముందే చెప్పేసింది. నేను లోపలికి అడుగు పెట్టేసరికి ఆమె చెప్పులు వేసుకుని సిద్ధంగా ఉంది. దారిలో పూజ ఇంటి ముందు ఆగి, ఆ పిల్లను బతిమాలి వెంట తీసుకెళ్లిందట. భాగ్య తొడకు కట్టు ఉంది కాబట్టి ఆ రోజు పరుగు లేదు, నడకే. రేణుక బంతిని ముట్టుకోలేదు. భాగ్య వెనక నిలబడి ఆమె జెర్సీ గట్టిగా పట్టుకుంది. ఎదురుగా పూజ బంతి ఆపింది. "ఇప్పుడు గాదు," అంది రేణుక. పూజ తలెత్తింది. "ఇప్పుడు గాదు." పూజ భుజం తిరిగింది. "ఇగ పో!" అని జెర్సీ వదిలేసింది.

నేను మామ ఇంటికి వెళ్లే ప్రతి సాయంత్రం వాళ్లకు అదే పని. నా వైపు నుంచి నేను ఎక్సెంట్రిక్ వ్యాయామాలు మొదలుపెట్టాను. కండరం సాగుతూనే బరువు ఆపుకునేలా చేసేవి. ఆగడానికి కూడా బలం కావాలి. నడక పరుగైంది. ఒక రోజు భాగ్య వెనక్కి తిరిగి రేణుకను పట్టుకుని ఏడ్చిందట.

"నువ్వే రారాదే. నువ్వొస్తే ఇదంత ఎందుకు?"

"నేను రాను భాగ్యా. పూజ వస్తది. దాన్ని చూడు."

సీజన్ చివరి మ్యాచ్ మధ్యాహ్నమే మొదలైంది. సాయంత్రం నేను విఠల్ మామ ఇంటికి చేరేసరికి సగం ఆట అయిపోయింది, ఇక వెళ్లినా అందదని రేణుక ఇంట్లోనే ఉండిపోయింది. మైదానం నుంచి నర్సుబాయి ఫోన్ చేసి, కాల్ పెట్టేయకుండా అలాగే ఉంచింది. రేణుక ఫోన్‌ను స్పీకర్‌లో పెట్టి, గుమ్మం దగ్గర నేల మీద ఉంచి, బీడీలు చుడుతూ వింది. గాలి హోరు, ఆడవాళ్ల కేకలు, ఎవరో ఎవరినో తిట్టడం. నేను మామ మోచెయ్యి చాపుతున్నాను. ఉన్నట్టుండి ఫోన్ పగిలిపోయేలా అరుపులు.

"పడ్డదే! రేణుకా, గోల్ పడ్డదే! భాగ్య మోకాలికి తాకి పోయింది గని పోయింది!"

విఠల్ మామ నోరంతా తెరిచి నవ్వాడు. రేణుక ఫోన్ చేతిలోకి తీసుకుంది.

"పాస్ ఎవరిచ్చిన్రు చిన్నమ్మా?"

"పూజ! ఇంకెవరిస్తరే?"

"మంచిగైంది," అంది రేణుక. మొహం వెలిగింది. కాసేపటికి ఆ వెలుగు అలాగే ఉండి, కళ్లు మాత్రం గల్లీ చివరికి వెళ్లిపోయాయి. మ్యాచ్ చివరికి డ్రా అయింది, కప్పు వేరే పేటకు పోయింది. ఆ కబుర్లు నర్సుబాయి చెబుతూనే ఉంది గానీ ఇక్కడెవరూ వినడం లేదు.

"ఇగ సాయంత్రాలు నేను పోవుడు అవసరం లేదు గద అక్కా," అంది చివరికి.

"నేను మాత్రం ఇదే వేళకు వస్తాను. టైం మార్చను," అన్నాను.

ఆమె తండ్రి వైపు చూసింది. ఆయన ఎడమ చేత్తో బయటికి చూపించాడు. ఆ వారం కూడా వెళ్లింది. భాగ్య తొడ మళ్లీ తిరగబెట్టలేదు. విఠల్ మామ ఇప్పుడు కర్ర పట్టుకుని గల్లీ చివరి దాకా నడుస్తాడు. ప్రతి సీజన్ ముందూ మాస్టర్ వచ్చి రేణుకను మ్యాచ్ ఆడమని అడుగుతాడు. వచ్చే ఏడాది చూద్దాం సార్ అంటుంది.

తప్పెవరిదన్న పంచాయితీ నేనెప్పుడూ తేల్చలేదు. నా పనిలో మాత్రం ఒక ప్రశ్న పెరిగింది. తగ్గిన నొప్పి మళ్లీ మళ్లీ వస్తోందని ఎవరైనా అంటే, ఎప్పుడు మొదలైంది, ఏ పని చేస్తారు అని అడిగాక, ఆ రోజుల్లో మీ పక్క నుంచి ఎవరైనా వెళ్లిపోయారా అని కూడా అడుగుతాను. కొందరు ఇదేం ప్రశ్న అన్నట్టు చూస్తారు. కొందరు కిటికీ వైపు తిరుగుతారు. అలాంటివాళ్ల దగ్గర నేను కుర్చీ లాక్కుని కూర్చుంటాను.