గుట్ట మీది కానుగ

మా స్టాఫ్ బస్సు డ్రైవరన్న పోయిన సోమవారం కర్నూలు ఆసుపత్రిలో చనిపోయాడు. ఆ కబురు ఆఫీసు వాట్సాప్ గ్రూపులో వచ్చింది. అప్పుడు నేను క్యాంటీన్లో ఉగ్గాని తింటున్నాను. చేతులు జోడించిన బొమ్మ ఒకటి పెట్టి, ప్లేటులో మిగిలింది తినేసి, చెయ్యి కడుక్కుని సీటులోకి వెళ్లాను. ఏడుపు రాలేదు. ఇప్పటికీ రాలేదు. ఏడ్చే అర్హత నాకుందో లేదో తెలియకే ఇది రాస్తున్నాను.

మాది డోన్ దగ్గర చిన్న సున్నం ఫ్యాక్టరీ. నేను అకౌంట్స్‌లో పనిచేస్తాను. ఏటా వానలు మొదలవగానే ఒక శనివారం స్టాఫంతా కలిసి ఫ్యాక్టరీ వెనక గుట్ట మీద మొక్కలు నాటుతాం. ఇష్టమైనవాళ్లే రావచ్చు. రానివాళ్ల పేర్లు మాత్రం మేనేజరు అడుగుతాడు. తెల్ల టోపీలు, బ్యానరు, ఉప్మా పొట్లాలు, ఫోటోలు. పోయినేడు నాటింది ఎండిపోతే అదే గుంతలో ఈ ఏడు కొత్తది. మొక్కల సంగతేమో గానీ గుంతలు మాత్రం ఏటికేడు బాగా పెద్దవయ్యాయి.

డ్రైవరన్న కొత్తగా చేరిన ఏడు, ఫోటోగ్రాఫరు పోవాలని తొందరపెడితే నర్సరీ నల్ల కవర్లు తియ్యకుండానే మొక్కలు పూడ్చేశాం. అతను బస్సు దిగి వచ్చి చూశాడు.

"ఏమప్పా ఇది, కవరు తియ్యకుండానే పూడిస్తిరే?"

"తీస్తే మట్టి రాలిపోతుందన్నా" అన్నాను, అన్నీ తెలిసినదానిలా.

"నిన్ను గోనెసంచిలో కట్టేసి నడువమంటే నడుస్తావా మా?" అన్నాడు. నవ్వలేదు.

మమ్మల్ని ఊళ్లో దింపేసి అతనొక్కడే మళ్లీ గుట్ట ఎక్కాడట. ఒక్కో మొక్కా పైకి తీసి, గడ్డం గీసుకునే బ్లేడుతో కవరు కోసి, తిరిగి నాటాడు. మర్నాడు బస్సులో చివరి సీటు కింద నల్ల కవర్లు మడతపెట్టి ఉన్నాయి. అవేమిటని ఇంకెవరూ అడగలేదు. నేను అతని వెనక సీటుదాన్ని కాబట్టి అడిగాను, చెప్పాడు.

ఆ తర్వాత చివరి సీటు కిందికి పాత నూనె క్యాన్లు చేరాయి. సాయంత్రం క్యాంటీన్లో చేతులు కడిగిన నీళ్లు వాటిలో పట్టి, మర్నాడు పొద్దున మమ్మల్ని గేటు దగ్గర దించాక గుట్ట మీది మొక్కలకు పోసొచ్చేవాడు. మూతలు సరిగా పట్టక నీళ్లు చిందేవి. చెప్పులు తడుస్తున్నాయని మావాళ్లు గొణిగితే, "మీ కాళ్లు ఆరుతాయి లేప్పా, వాటికి ఆరితేనే కష్టం" అనేవాడు. అన్నిటికంటే పైనున్న కానుగ మొక్క అతనికి ముద్దు. బస్సు అద్దం తుడిచే గుడ్డతోనే దాని ఆకుల మీది సున్నం దుమ్ము తుడిచేవాడు. మళ్లీ అదే గుడ్డతో అద్దం తుడిచి, అద్దమంతా చారలు చేసుకుని, దాంట్లోంచే చూస్తూ బండి నడిపేవాడు.

ఈ మార్చిలో కామెర్లు ముదిరి ఆసుపత్రిలో చేరాడు. వెళ్లేముందు నాతో, "కొత్త డ్రైవరుకు చెప్తే నవ్వుతాడు. రెండు దినాలకొకసారి నువ్వు నీళ్లు పొయ్యి మా" అన్నాడు. సరేనన్నాను. మొదటి వారం రెండుసార్లు వెళ్లాను కూడా. తర్వాత ఏడాది చివరి లెక్కల పనులు మీద పడ్డాయి. ఆ తర్వాత పనులేమీ లేవు. ఎండ ఉంది, నేను వెళ్లలేదు. అంతే.

ఆసుపత్రి నుంచి ఫోన్ చేసేవాడు.

"గుట్టకాడికి పోతాండావా మా?"

"పోతాండా అన్నా."

"కానుగ చిగురేసిందా?"

"వేసిందన్నా."

"ఆకు యామాత్రం ఉండాది?"

"అరచేతంత ఉండాది."

 "అయితే ఇంగ భయం లేదు" అన్నాడు. మొక్క గురించే అన్నాడనుకుంటాను. ఇంకో రెండుసార్లు ఫోన్ చేశాడు. రెండుసార్లూ చిగురు కాస్త పెంచి చెప్పాను. నోరు తడబడలేదు కూడా.

వాళ్ల ఊరి చర్చి వెనక సమాధి చేశారు. పాస్టరుగారి ప్రార్థన అయ్యాక అతని భార్య నా చెయ్యి పట్టుకుంది. "నువ్వేనా మా ఆ పాపవి? కానుగ చిగురేసిందంట, ఆ పాప చెప్పింది అని నర్సమ్మలకు గూడా చెప్పినాడు. నాలుగో దినం ఆదరణ కూడిక ప్రార్థన అయినాక నన్ను ఒకసారి తీస్కపోతావా? చూడల్ల." తలూపాను. ఆ నాలుగు రోజుల్లో ఒక్కదాన్నే వెళ్లి ఒక పచ్చటి మొక్క నాటేసి వద్దామని కూడా అనుకున్నాను. అంత పనీ చేసేదాన్నేమో, వానలు రానిదే నర్సరీలో మొక్కలు ఇవ్వరు.

నిన్న ఆమెను తీసుకుని గుట్ట ఎక్కాను. దారి పొడుగునా మొక్కలన్నీ కట్టెపుల్లలే. ఆమె ఒక్కొక్కదాన్నీ చూస్తూ పైదాకా వచ్చింది.

"ఏది మా, ఆయప్ప కానుగ?"

వేలు చూపించాను. మోకాలెత్తు ఎండుపుల్ల. ఆకు రాలి చాన్నాళ్లయినట్టుంది.

"నేను రాలేదక్కా. అబద్ధం చెప్పినా" అన్నాను. మామూలు గొంతుతోనే వచ్చింది మాట. తిడుతుందని ఎదురుచూశాను. తిడితే బాగుండు.

ఆమె ఆ పుల్లను రెండు వేళ్లతో పట్టుకుని చాలాసేపు చూసింది. "ఆయప్ప నమ్మినాడు మా" అంది.  సంచిలోంచి తాగడానికి తెచ్చుకున్న నీళ్ల సీసా తీసి, మూత తిప్పి, దాని మొదలు దగ్గర మొత్తం పోసేసింది. మన్ను బుసబుసమని పీల్చుకుంది. ఖాళీ సీసా పట్టుకుని ఆమె, చేతులు వేలాడేసుకుని నేను, ఆ తడి ఆరేదాకా అక్కడే నిలబడ్డాం.