పన్నెండో తుపాకీ

ముప్పై ఏళ్ళకు పైబడి ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. ఒక్క మాట. "చూశాను." అంతే. తూచితే ఏముంటుంది దాని బరువు? మోసి చూస్తే తెలుస్తుంది.

నేను నోరున్న మనిషిని. ఫిజీలో ఈ బా పట్టణంలో ఎవర్నడిగినా చెప్తారు. బస్సు కండక్టర్ల దగ్గర్నుంచి గుడి కమిటీ పెద్దల దాకా నాతో వాదించి నెగ్గినవాళ్ళు తక్కువ. అందుకు నాకు సిగ్గేమీ లేదు. నోరే లేకపోతే ద్రాసాలో చెరకు పండించుకునే మనిషి కూతురు రాజధాని సువా వెళ్ళి డిగ్రీ చదివేదా? హైస్కూల్లో లెక్కల టీచరయ్యేదా? అలాంటి నోరు, సరిగ్గా తెరవాల్సిన రోజున తెరవలేదు. కాదు, తెరిచింది. తెరిచి అబద్ధం చెప్పింది. చూడండి, ఒప్పుకుంటానని కూర్చుని కూడా మొదటి మాట నాకు అనుకూలంగానే రాసుకున్నాను.

ముందు సైకిళ్ళ సంగతి చెప్పాలి. అది లేకపోతే మిగతాది అర్థం కాదు. అదీకాక, చెప్పడం నాకు ఇష్టం.

ఫిజీకి స్వాతంత్ర్యం వచ్చి అప్పటికి పదిహేనేళ్ళు నిండలేదు. ఉద్యోగంలో నేను కొత్త. మా బడి పిల్లల్లో సగం మంది చెరకు తోటల్లోంచి సైకిళ్ళ మీద వచ్చేవాళ్ళు. వారానికొక సైకిలు మాయమయ్యేది. పోగొట్టుకున్న పిల్ల ఇంటిదాకా నడవాలి, నడిచి వెళ్ళాక తన్నులు తినాలి. స్టాఫ్ రూములో మీటింగు పెట్టారు. "పిల్లలకు జాగ్రత్త నేర్పాలి" అన్నారు హెడ్మాస్టరు.

"దొంగకి నేర్పండి సార్. పిల్లలేం చేశారు?" అన్నాను.

ఎవరూ నవ్వలేదు, సెమీ మాస్టరు తప్ప. ఆయన ఫిజియన్, ఈ దీవుల మూలవాసి, వడ్రంగం నేర్పేవారు. రారవాయి చక్కెర మిల్లు పక్కన మనవాళ్ళ మధ్యే పెరిగారు కాబట్టి మన ఫిజీ హిందీ మనకంటే తీపిగా మాట్లాడేవారు. నన్ను బహినీ అని పిలిచేవారు, సొంత చెల్లెల్ని పిలిచినట్టు. బడికి సెలవులిస్తే సైన్యం శిక్షణకు వెళ్ళొచ్చే రిజర్వు సిపాయి కూడా. ఆయనకు ఒకటే కోరిక, నీలం టోపీ పెట్టుకుని ఐక్యరాజ్య సమితి శాంతి దళంతో లెబనాన్ వెళ్ళాలని. పేరిచ్చారు. పిలుపు కోసం చూస్తున్నారు.

మా నాన్న చెరకు లారీకి కట్టే పాత గొలుసు నేను తెచ్చాను. సైకిళ్ళు నిలబెట్టడానికి ఆయన పొడవాటి కర్ర స్టాండు చేశారు. చక్రంలోంచి గొలుసు వేస్తే దొంగ చక్రం వదిలేసి మిగతాది పట్టుకుపోతాడు. అందుకని నలభై సైకిళ్ళ చట్రాల్లోంచి ఒకటే గొలుసు. రెండు కొసలకీ రెండు తాళాలు. ఒక తాళంచెవి నా దగ్గర, ఒకటి ఆయన దగ్గర. తాళం వేసేముందు ఒక్క గుంజు గుంజాలి. అది చెరకు బండి దగ్గర మా నాన్న నేర్పింది. "గొలుసు వేసేది ఎవరైనా వేస్తారమ్మాయ్, గుంజినోడిదే కట్టు" అనేవాడు. వదులున్న చోటే చెరకు జారుతుంది, వదులున్న చోటే దొంగ చెయ్యి దూరుతుంది.

ఆ తర్వాత మా బడిలో ఒక్క సైకిలు పోలేదు. ఒక్కటంటే ఒక్కటి! పక్క బళ్ళ వాళ్ళు వచ్చి చూసి వెళ్ళి అలాగే చేసుకున్నారు. గర్వపడకూడదా? పడతాను. ఇవాళ్టికీ పడతాను.

ఆ గర్వంతోనే తుపాకుల దగ్గరికి వెళ్ళాను.

ఆ ఏడు మా బడిలో పెద్ద తరగతుల పిల్లలకు సైనిక శిక్షణ మొదలైంది. పన్నెండు పాత తుపాకులు. సీసపు గుండు లేని ఉత్త తూటాలు. చప్పుడు, మంట మాత్రమే. నేర్పేది సెమీ మాస్టరు. కాల్చడం అయ్యాక తుపాకీని ఖాళీ చేసి స్టాండులో పెట్టాలి. అప్పుడు రెండో మనిషి ఒక్కొక్కటే తెరిచి చూడాలి. చూస్తే చాలదు, తూటా కూర్చునే చోట చిటికెనవేలు పెట్టి తడమాలి. కన్ను అలిసిపోతుంది, వేలు అలవదు అనేవారు ఆయన. ఆ రెండో మనిషిని నేను, ఆయనే నా పేరు చెప్పారు. ఆడదానికి అదెందుకని హెడ్మాస్టరు అంటే, నలభై సైకిళ్ళు కాసినదాన్ని పన్నెండు తుపాకులు కాయలేనా అని పోట్లాడి మరీ తెచ్చుకున్న పని.

ఒక మధ్యాహ్నం, భోజనాల వేళ, సువా నుంచి ఒక కెప్టెన్ శిక్షణ చూడ్డానికి వచ్చాడు. సైకిళ్ళ షెడ్డులో తుపాకుల స్టాండు ముందు నేను వేలు పెట్టి తడుముతున్నాను. పదకొండు అయ్యాయి. పన్నెండోది స్టాండులో లేదు. భుజానికి ఆనించే దాని కర్ర మడమ విరిగితే సెమీ మాస్టరే అతికారు. ఆ అతుకు చూపించడానికి కెప్టెన్ దగ్గరికి పట్టుకెళ్ళారు. చూపించి, తెచ్చి, స్టాండులో పెట్టారు.

కెప్టెన్ నా వైపు తిరిగాడు. "మీ గొలుసు గురించి విన్నాను. తుపాకులకి పనికొస్తుందా?"

"ఎందుకు పనికిరాదు? దేనికైనా దొంగ దొంగే" అన్నాను.

అతను నవ్వాడు. అతని జీపు ఇంజను ఆపలేదు, వెళ్ళే తొందరలో ఉన్నాడు. వెళ్ళేలోపు నా పనితనం చూపించాలి. నా వైపు తాళం తెరిచి సైకిళ్ళ గొలుసు లాగాను. సైకిలుకైతే చట్రం ఉంటుంది, తుపాకీకి ఏముంది? పేల్చే మీట చుట్టూ ఉండే ఇనప వలయం ఒక్కటే కంత. పన్నెండు వలయాల్లోంచి గొలుసు దూర్చాను. అలవాటు కొద్దీ, నాన్న నేర్పినట్టు, బలంగా ఒక్క గుంజు గుంజాను.

పన్నెండోది పేలింది.

స్టాండు కదలకుండా అవతలి నుంచి పట్టుకున్నది సెమీ మాస్టరు. మంట ఆయన ముంజేతి మీదుగా పోయింది. ప్రాణానికేం కాలేదు. చెయ్యి మానింది కానీ, కోతకు ముందు చెరకు తోటలు కాల్చేటప్పుడు ఆరేసిన బట్టల మీద పడే మసిలా నల్లచుక్కలు చర్మంలో ఉండిపోయాయి.

చేతికి కట్టు కట్టించుకుని వచ్చి ఆయన నన్ను షెడ్డు వెనక్కి పిలిచారు. ఆ మాటలు నాకు ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తు.

"బహినీ, పన్నెండోది చూశావా?"

"చూశాను."

"వేలు పెట్టి?"

"పెట్టే."

కాసేపు తన చేతుల వైపు చూసుకున్నారు. "అయితే నేనే. నువ్వు చూశాక నేను తీశాను కదా, కెప్టెన్‌కి చూపించే హడావుడిలో ఏదో చేసుంటాను."

తిట్టి ఉంటే తిరిగి తిట్టేదాన్ని. అనుమానిస్తే వాదించేదాన్ని. ఆయన నన్ను నమ్మారు. నమ్మి, తనను తాను నమ్మడం మానేశారు. ఆ తూటా వదిలేసిన పిల్లవాడికే తాను వదిలేశానని తెలిసి ఉండదు. అందుకేగా రెండో మనిషిని పెట్టింది!

తప్పు తనదేనని ఆయన కెప్టెన్‌కి చెప్పారు. పై నెలలో రిజర్వు నుంచి పేరు తీసేశారు. నీలం టోపీ రాలేదు. నా సైకిళ్ళ గొలుసుకు మాత్రం ఆ ఏడాది చివర ఒక షీల్డు వచ్చింది. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది ఎవరో నేను చెప్పాలా?

ఎందుకు చెప్పాను ఆ అబద్ధం? "ఆడదాని చేతికి తుపాకులిస్తే ఇంతే" అంటారని, నా వెనక వచ్చే టీచరమ్మలకు దారి మూసుకుపోతుందని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. మంచి వాదన. వేరే ఎవరైనా చేసి ఉంటే, దారి నీకు తెరిచిన మనిషికే గొయ్యి తీశావు కదమ్మా అని ఒక్క ముక్కతో నోరు మూయించేదాన్ని. అసలు కారణం చిన్నది. తప్పు చేసినదాన్నిగా కనబడటం నాకు చేతకాదు.

ఆ తర్వాత ఆయన ప్రతిదీ మూడుసార్లు చూసేవారు. రంపం మూడుసార్లు, తాళం మూడుసార్లు. బస్టాపుదాకా వెళ్ళి, వడ్రంగం గది తాళం చూసుకోవడానికి వెనక్కి వచ్చేవారు. పిల్లలు "మూడుసార్ల మాస్టరు" అని పేరు పెట్టారు. నేను ఆ పేరుతో పిలవలేదు. పిలిచేవాళ్ళని ఆపనూ లేదు. ఊళ్ళో అందరి నోళ్ళూ మూయించే నేను!

ఇప్పుడు బడి వార్షికోత్సవానికి రమ్మని ఉత్తరం వచ్చింది. గొలుసు గురించి పది నిమిషాలు మాట్లాడాలట. ఆయన కూడా వస్తారు, ముందు వరసలో కూర్చుంటారు. వెనకటి వారం బా మార్కెట్లో దుంపలు కొంటూ కనబడ్డారు. "బహినీ, ఇంకా ఎవరితో పోట్లాడుతున్నావు?" అని నవ్వారు. చిల్లర తీసి ఇస్తుంటే ముంజేతి మీద ఆ చుక్కలు. ఇచ్చి, సంచీలోకి మళ్ళీ చూశారు. మళ్ళీ.

ఇది తెలుగులో రాస్తున్నాను. అవ్వ నేర్పిన అక్షరాలు. ఈ దీవుల్లో ఈ అక్షరాలు చదివేవాళ్ళు ఇంకెంతమంది? ఆయన చదవలేరు, మా పిల్లలూ చదవలేరు. చూశారా నా తెలివి! ఒప్పుకోవడానికి కూడా ఎవరూ రాని గది వెతుక్కున్నాను. ఫర్వాలేదు, మీరు వచ్చారు. మీరు వినడంతో ఆ మాట నా నోట్లోంచి బయటికి రావడం నేర్చుకుంది.

పది నిమిషాలూ గొలుసు గురించే మాట్లాడతాను. తల ఎత్తుకునే మాట్లాడతాను, అది నాది. ఆ తర్వాత ఆయన వైపు తిరిగి, అందరి ముందూ, ఆయనకు వచ్చిన హిందీలో ఒక్క ముక్క. నోరు తిరగడానికి రోజూ వంటింట్లో అనుకుంటున్నాను. క్షమించమని అడగను. అడిగితే ఆయన వెంటనే క్షమించేస్తారు, ఆయనకది అలవాటు, నాకది మరీ చవక. ఆయన చేతులు ఏ తప్పూ చేయలేదని ఆయన చేతులకు తెలియాలి. అంతవరకే నా పని.

బారా నంబర్ హమ్ నై దేఖా.

పన్నెండోది నేను చూడలేదు.