పూడ్చిన తూర్పు కిటికీ

మా చిన్నప్పుడు... మిట్టమధ్యాహ్నం కూడా మా నడింట్లో బల్బు వెలుగుతూ ఉండేది. దాని కింద మా అమ్మ కుట్టుమిషను. మిషనుకు ఎదురుగా గోడ. ఆ గోడ మీద మనిషంత ఎత్తున చెమ్మ మరక... అమ్మ జాకెట్టు కుడుతూ, మధ్యమధ్యలో తలెత్తి ఆ మరకతో ఏదో మెల్లగా చెప్తూ ఉండేది.

బడి నుంచి వచ్చి గుమ్మంలో నిలబడి మొదటిసారి ఆ మాటలు విన్నరోజు, ఎవరో చుట్టాలు వచ్చారనుకున్నాను. లోపలికి పోయి చూస్తే అమ్మ తప్ప ఎవరూ లేరు.

ముందు సంగతి చెప్పాలి. మాది వాకాడు దగ్గర సముద్రపు ఊరు. ఇంటి వెనక సరుగుడు తోపు, తర్వాత ఇసుక దిబ్బలు, ఆపైన సముద్రం. నడింటికి తూర్పున ఒకే ఒక్క కిటికీ... నిలువెత్తుది, చెక్క రెక్కలది. పొద్దుటి ఎండ, మధ్యాహ్నపు గాలి, ఊరి కబుర్లు... అన్నీ దాంట్లోంచే. అమ్మ మిషను దాని ముందే వేసుకుంది. చేపల గంపలతో పోయే ఆడవాళ్ళు అక్కడ ఆగి, అమ్మతో నాలుగు మాటలాడి పోయేవాళ్ళు.

ఎటొచ్చీ ఉప్పుగాలితోనే తంటా. మిషనుకు ఆరునెల్లకే తుప్పు. నూనె పోసి పోసి విసిగిపోయిన మా నాయన ఒకరోజు ఆ కిటికీ ఊడబీకి, ఇటుకలతో పూడ్చేశాడు. అమ్మ మీద ప్రేమతోనే చేశాడు, ఆ మాట నేను ఎక్కడైనా చెప్తాను. ఏటి ఇసుక తెచ్చుకోమని మేస్త్రి చెప్పాడట. ఇంటి వెనక కొండంత ఇసుక పెట్టుకుని ఏటిదాకా ఎవడు పోతాడని, మా నాయన దిబ్బ ఇసుకే తట్టలతో మోసుకొచ్చి సిమెంటులో కలిపేశాడు. ఉప్పు లోపలికి రాకూడదని ఉప్పునే గోడలో పెట్టి కట్టాడన్నమాట...

వానలు మొదలవగానే ఆ పూడ్చిన మేర చెమర్చింది. సరిగ్గా కిటికీ అంత. రెండు వారాలకు పై అంచులు భుజాల్లా వంపు తిరిగాయి. కింద నీరు రెండు పాయలుగా కారింది. నాయన సున్నం కొట్టాడు... ఆరింది... మళ్ళీ వచ్చింది. మూడుసార్లు కొట్టినా అదే ఆకారం, అదే చోట. వేలితో తుడిచి నాలుకకు రాసుకుంటే కన్నీళ్ళలా ఉప్పగా ఉండేది. రుచి చూశానని నవ్వకండి, చిన్నపిల్లలు నోట్లో పెట్టుకోనిది ఏముంటుంది?

అమ్మ మారిపోయింది. అన్నం సయించేది కాదు. పగలంతా తలనొప్పి, రాత్రి నిద్ర లేదు. ఒకామె జాకెట్టుకు రెండూ ఎడమ చేతులే కుట్టింది. ఆ తర్వాత మా ఇంటికి గుడ్డలు తెచ్చేవాళ్ళు తగ్గిపోయారు. ఎవరితో మాట్లాడుతున్నావమ్మా అని ఒకరోజు భయపడుతూనే అడిగాను. తల తిప్పకుండా చెప్పింది.

"లోపలికి రావాలని నిలబడి ఉండాది పాపా. దోవ లేదు, పాపం."

నిజం చెప్పాలంటే, ఆ గోడకు చెవి ఆనిస్తే ఊపిరి తీస్తున్నట్టే వినపడేది... అది గాలేనని ఇప్పటికీ నాకు నేనే చెప్పుకుంటాను.

ఊళ్ళో ఎవరి మాట వాళ్ళది. తాయెత్తు కట్టించమన్నారు ఒకరు, ప్రార్థన చేయిద్దామన్నారు ఇంకొకరు, పుట్టింటికి పంపించెయ్యమన్నారు మరొకరు. నాయన పుట్టింటి మాటకే ఒప్పుకున్నాడు. అమ్మ ట్రంకుపెట్టె సర్దారు. మళ్ళీ ఎప్పుడొస్తుందని అడిగితే, పెట్టెకు తాళం వేసేశారు. అమ్మ లేని ఇల్లు తలుచుకుంటే వచ్చిన భయం ముందు ఆ మరక భయం ఏపాటిది? పెట్టె మీదెక్కి కూర్చుని ఏడ్చాను.

మా అవ్వ, అంటే నాయన తల్లి, కిటికీ పూడ్చిన నాటి నుంచి నడింట్లో అడుగుపెట్టలేదు. తిండీ పడకా పంచలోనే. నా ఏడుపు విని ఆరోజు కర్ర ఊతంతో లోపలికి వచ్చింది. మరకను పైనుంచి కిందికి తడిమి, మా నాయన వైపు తిరిగింది.

"ఈడ నిలబడింది దెయ్యం గాదురా, నువ్వు పూడ్చిన కిటికీ. ముందు దాన్ని తియ్యి. పెట్టె సంగతి తర్వాత చూద్దాం."

నాయన పోయి గడ్డపార తెచ్చాడు. మొదటి ఇటుక ఊడగానే ఈల వేసినట్టు సన్నటి చప్పుడు... ఆ వెనకే ఇల్లంతా గాలి. క్యాలెండరు కాగితాలు రెపరెపలాడాయి. దుమ్ములోంచి వెలుతురు వచ్చి అమ్మ చేతుల మీద పడింది. అమ్మ కాసేపు వాటినే చూసుకుంది, తర్వాత వెక్కివెక్కి ఏడ్చింది. అలాగే మిషను మీద తల వాల్చి సాయంత్రం దాకా నిద్రపోయింది.

లేచాక అడిగాను... పోయిందా అమ్మా, అని.

"యాడికి పోతాది? లోపలికొచ్చేసినాదిలే."

అంత మాత్రం చెప్పి సూదిలోకి దారం ఎక్కించుకుంది. మర్నాటి నుంచి మళ్ళీ మా పాత అమ్మే. ఆ మిషను తుప్పు పట్టింది, తర్వాత కొన్నదీ పట్టింది. ఆ కిటికీ జోలికి మాత్రం ఎవరూ పోలేదు.

ఇప్పుడు నేను నెల్లూరులో పనిచేసే ఆఫీసు అద్దాల బిల్డింగు. ఒక్క అద్దమూ తెరుచుకోదు. పగలే లైట్లు. నా సీటుకు ఎదురుగా గోడ. నెల రోజులుగా తలనొప్పి వదలడం లేదు. గోడ మీద ఏసీ కింద చెమ్మ మరక ఒకటి వచ్చింది... ఏసీ నీళ్ళేనని రంగు వేసి పోయారు. మళ్ళీ వచ్చింది. ఈసారి భుజాలతో.

నిన్న మధ్యాహ్నం పక్క సీటు అమ్మాయి నా కుర్చీ పట్టుకుని ఊపింది. "ఎవరితో మాట్లాడుతున్నావక్కా?" అంది.

అప్పుడు మా ఇంట్లో అవ్వ ఉంది, గడ్డపార ఉంది. ఇప్పుడు ఈ గోడ ఎవరిదో, ఎవరిని అడిగి పగలగొట్టాలో కూడా తెలియదు... మీ ఇంట్లోనో ఆఫీసులోనో అలా పూడ్చేసిన కిటికీ ఏదైనా ఉందా? ఉంటే కింద రాయండి... రాసేముందు ఒకసారి ఆ గోడ మీద చెయ్యి పెట్టి చూడండి, తడిగా ఉందేమో.